కర్రెద్దు తోలు

సూర్యాపేటలో బస్సులు ఆగే చోటుకు కాస్త అవతల, బెజవాడ రోడ్డు పక్కన సైదులు షెడ్డు ఉండేది. పొద్దున్నే వచ్చి తలుపు తీయడం, కిరసనాయిలు పొయ్యి మీద చాయ పెట్టుకోవడం, అది తాగుతూ నిన్న విప్పి పెట్టిన సామాన్లను ఒకసారి తిట్టుకోవడం అతని అలవాటు. యుద్ధం అయిపోయి నాలుగేళ్ళవుతున్నా మోటారు సామాను దొరికేది కాదు. బొంబాయి నుంచి వచ్చేవన్నీ ఉత్త కబుర్లే. అందుకని పంపు వాషర్ల దగ్గర్నుంచి ఫ్యాను పట్టీల దాకా సైదులు తోలుతోనే గడుపుకొచ్చేవాడు. ఆ తోలు తెచ్చేది గోపయ్య.

గోపయ్యది పెన్‌పహాడ్ అవతలి ఊరు. మాదిగవాడలో తోలు ఊని పదును చేయడంలో అతనిది మంచి చెయ్యి. సంతనాడు తోలుచుట్ట భుజాన వేసుకుని నడిచి వచ్చేవాడు. చుట్ట విప్పగానే సైదులు అడిగేది ఒకటే, ఆ చుట్టుపక్కల తోలు కొనే వాళ్ళెవరైనా ముందు అడిగేది కూడా అదే. ఏ గొడ్డుది, ఎట్లాంటి గొడ్డు? గొడ్డు చచ్చినా దాని బుద్ధి తోలులో ఉండిపోతుంది కాబట్టి అడగక తప్పదు. కంచెలు దూకే ఆవు తోలుతో చెప్పులు కుట్టించుకున్న పట్వారీ ఒకాయన, కచేరీకని బయలుదేరి రోజూ ఎవరి జొన్నచేలోనో తేలేవాడు. కాపలావాళ్ళ చేత దెబ్బలు తిన్నాక గానీ ఆ చెప్పులు వదల్లేదు. దూడను పోగొట్టుకున్న బర్రె తోలుతో మోట బొక్కెన కట్టించుకున్న రైతుకు, బావి పక్కన ఏ దూడ అరిచినా సగం నీళ్ళు దారిలోనే కారిపోయేవి. అందుకు ఎవరూ ఆశ్చర్యపడలేదు. అడక్కుండా కొన్నందుకు అతన్నే తప్పుపట్టారు.

ఆ ఎండాకాలం మాత్రం గోపయ్య తోలు అమ్మడానికి రావడం లేదు. షెడ్డు వెనక గోనెపట్టాలు కప్పి పెట్టిన ఎర్ర కారును చూడడానికి వస్తున్నాడు. వచ్చి, పట్టా అంచు ఎత్తి చూసి, బాగైందా తమ్మీ అని అడిగి, కాలేదంటే మళ్ళీ అంత దూరమూ నడిచి పోతున్నాడు.

ఆ కారు గోపయ్య ఊరి దొరది. ముందు రెండే సీట్లు, వెనక మూత ఎత్తితే ఇంకో ఇద్దరు ఇరుక్కుని కూర్చునే గూడు. పందేల్లో తోలడానికి చేసిన బండి. దొర తండ్రి హైదరాబాదులో గుర్రాల మీద డబ్బు తగలేసిన రోజుల్లో సరదాపడి కొన్నాడు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. భూముల కోసం తిరగబడ్డ సంఘం వాళ్ళు ఊరి గడీ మీదికి వచ్చినప్పుడు దొర ఈ కారులోనే కోదాడ మీదుగా పారిపోయి, సరిహద్దు అవతలి చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాడు. నిజాం పని అయిపోయాక మళ్ళీ ఈ కారులోనే తిరిగి వచ్చాడు, ఈసారి వెనక మిలిటరీ లారీలతో. అన్నాళ్ళు అక్కడ ఉన్నందుకు ఆయన మాటలో అండీలూ ఉంటుందిలూ చేరాయి గానీ మనిషి వీసమంత కూడా మారలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు కారులోనే ఊళ్ళు తిరిగి, ఎవరి చేను ఎవరి కింద ఉండాలో మళ్ళీ పాత పద్ధతిలో చెప్పి వచ్చాడు. చివరికి కోదాడ రోడ్డు మీద కారు మొరాయించింది. ఎద్దులు కట్టి సైదులు షెడ్డుకు లాక్కొచ్చారు.

జబ్బేమిటో సైదులుకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. దొర చెప్పింది వింటేనే సగం అర్థమైంది. ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, బండి మాత్రం ముసలి నడక నడుస్తుంది, ఎత్తు వచ్చిందంటే ఆగిపోయి చెప్పులు కాలిన వాసన కొడుతుంది. సైదులు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, చేతి బ్రేకు బిగించి, పై గేరు వేసి పెడలు వదిలాడు. ఆరోగ్యంగా ఉన్న బండైతే ఆ దెబ్బకు ఇంజను చచ్చి ఊరుకోవాలి. ఇది హాయిగా తిరుగుతూనే ఉంది. కాళ్ళ కింది పలకలు ఊడదీసి, వెనక ఇరుసు విడదీసి క్లచ్చి బయటికి లాగాడు. ఇంజను వెంట తిరిగే చక్రం లోపల గిన్నెలా గుంటగా ఉంటుంది. ఆ గుంటలోకి దూరే గరాటు లాంటి ఇంకో చక్రం చుట్టూ తోలుపట్టీ ఉంటుంది. పెడలు తొక్కితే రెండూ విడిపోతాయి, వదిలితే తోలు గిన్నెను కరుచుకుని బండిని నడిపిస్తుంది. ఆ పట్టీ ఇప్పుడు చోటుచోటుకు మాడి, రాగి రివెట్లు బయటపడి, అద్దంలా నునుపెక్కి ఉంది. పెడలు మీది నుంచి కాలు పూర్తిగా తీయకుండా తోలేవాళ్ళ బండ్లకే ఆ గతి పడుతుంది. దొరకు కాలు ఎత్తే అలవాటు లేదని సైదులు మనసులో అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

ఆ కారు బాగవడం మీదే గోపయ్య కొడుకు ప్రాణం ఉంది. కనీసం గోపయ్య అట్లా నమ్మాడు.

కొడుకు పేరు యాదగిరి. సంఘం వాళ్ళు దొర బంజరు భూమి పంచినప్పుడు అతనికి కాస్త చేను వచ్చింది, దొర మందలోంచి ఒక నల్ల ఎద్దు వచ్చింది. కర్రెద్దు అనేవాళ్ళు దాన్ని. అంత సాధువైన ఎద్దును ఆ వాడలో ఎవరూ చూడలేదు. ముల్లుగర్ర చూపించే పని లేదు, పిలిచే పని కూడా లేదు. యాదగిరి ఎక్కడుంటే అక్కడికి నడిచి వచ్చి పక్కన నిలబడేది. అతను చేలో పడుకుంటే తానూ ఆ పక్కనే పడుకునేది. పెళ్ళాం కన్నా అదే నీ వెనక ఎక్కువ తిరుగుతుందని సరోజ మొగుణ్ణి ఆట పట్టించేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం మిలిటరీ లారీలో వచ్చిన వాళ్ళు యాదగిరిని చేలోంచే ఎక్కించుకుపోయారు. మిర్యాలగూడ క్యాంపులో పెట్టారని గడీ మనుషులు చెప్పారు. తల్లి సుందరమ్మ జొన్నరొట్టెలు చేసి పంపేది, సరోజ గిన్నెలో పెట్టుకుని అంత దూరం మోసుకుపోయేది. కాపలావాడు లోపలికి తీసుకుపోయి ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చేవాడు. మనిషిని మాత్రం చూపించేవాడు కాదు. ఖాళీ గిన్నె చూసి సుందరమ్మ సంబరపడేది. కొడుకు కడుపు నిండా తింటున్నాడు, ఇంకేం కావాలి అనేది.

కర్రెద్దును గడీకి తోలుకుపోయారు. అక్కడ అది గడ్డి ముట్టలేదు. మిర్యాలగూడ దిక్కుకు తల పెట్టి నిలబడి నిలబడి ఒకనాడు కూలిపోయింది. గడీలో చచ్చిన గొడ్డును మోసేది మాదిగలే, అది వాళ్ళ వెట్టి. అట్లా కొడుకు ఎద్దును గోపయ్యే మోశాడు, గోపయ్యే ఒలిచాడు. సున్నంలో వేసి, తంగేడు చెక్కలో నెలల తరబడి ఊనబెట్టి, మెత్తగా పదును చేసి అటక మీద పెట్టాడు. ఆ తోలు ఎవరడిగినా అమ్మలేదు. యాదగిరి వచ్చాక అతనికే చెప్పులు కుట్టాలని అనుకున్నాడు.

కొడుకు కోసం గోపయ్య దొర కాళ్ళ మీద పడ్డాడు. దొర కోపగించుకోలేదు. క్యాంపు ఆఫీసరు తనకు దోస్తేనని, ఒక్కమాట చెబితే వదిలేస్తాడని, అయితే తనంతటి వాడు బస్సెక్కి పోలేడు కాబట్టి కారు బాగయ్యాక పోదామని అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆయన పోయే ముందునాటి సాయంత్రం సరోజ గడీలో పనికి రావాలి. యాదగిరి ఇల్లు చేరేదాకా అక్కడే ఉండాలి. వాడు పొద్దున వస్తే ఇది సాయంత్రం పోవచ్చు, అంతే గదా అన్నాడు. గడీలో పనికి పోయిన ఆడవాళ్ళు ఏమవుతారో ఊళ్ళో అందరికీ తెలుసు. తిరిగి వచ్చిన వాళ్ళను గోపయ్య తన జన్మలో చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. సుందరమ్మ కోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది. పొమ్మని ఆమె నోరు తెరిచి అనలేదు, కానీ ఆ పట్టుకోవడంలోనే ఉంది. కొడుకు మీది ఆశ ఆమె చేత అంత పని చేయించింది. గోపయ్య వద్దని అనబోయి, అనలేక, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

చివరికి సరోజే అంది. "నేను పోత మామా. ఆయన ఒస్తే సాలు. ఒచ్చినంక నన్ను ఇంట్లకు రానిస్తడో రానియ్యడో, గది ఆయన ఇష్టం."

అప్పటి నుంచి గోపయ్య సూర్యాపేటకు తిరగడం మొదలుపెట్టాడు. కారు బాగవ్వాలని కోరుకుంటూ వచ్చేవాడు. కాలేదని సైదులు చెబితే, సరోజ ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉంటుంది గదా అని ఊపిరి పీల్చుకునేవాడు. అట్లా ఊపిరి పీల్చుకున్నందుకు దారి పొడుగునా సిగ్గుపడేవాడు.

సైదులు సంతలో దొరికిన తోళ్ళతో రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. ఒకటి పొగరుబోతు దున్నది, పెడలు వదలగానే కారును గోడకేసి గుద్దింది. ఇంకొకటి బద్ధకపు ఆవుది, షెడ్డు దాటడానికే ఒప్పుకోలేదు. దొర మనుషులు వచ్చి గట్టిగా మాట్లాడి పోయారు. ఆ సంగతి విని ఒకనాడు గోపయ్య అటక మీది తోలుచుట్ట తెచ్చి సైదులు ముందు పెట్టాడు.

సైదులు ఏ గొడ్డుదని అడగలేదు. నలుపు చూసి పోల్చుకున్నాడు.

"ఇది నీ కొడుకు కోసం దాచిందే గదనే అన్నా" అన్నాడు.

"వాని కోసమే తెచ్చిన. వాని ఎద్దు ఇది. వాని కాడికి పోవుడంటే ఉరుకుతది తమ్మీ. మిర్యాలగూడ దాంక యాడ ఆగది, సూడు."

తోలు ఏ గొడ్డుదో ఇద్దరికీ తెలుసు, దాని బుద్ధి తెలుసు, అది ఎవరి కోసం నడుస్తుందో కూడా తెలుసు. ఆ మనిషి ఎక్కడున్నాడో కూడా తెలుసుననే అనుకున్నారు.

తోలును రాత్రంతా ఆముదంలో నానేశారు. గోపయ్య దాన్ని గరాటు చుట్టూ సాగదీసి పట్టుకుంటే సైదులు రివెట్లు కొట్టాడు. రివెట్టు తలలు తోలులోకి దిగిపోయేలా, పైకి ఒక్కటి కూడా తగలకుండా కొట్టాడు. అంచులు గోపయ్యే చెక్కాడు. గిన్నెలో పెట్టి తిప్పి చూస్తే ఎక్కడా సందు లేదు. దొరకు కబురు పోయింది. రేపు పొద్దున మిర్యాలగూడ పోదాం, ఈ పూట తోలి చూసి గడీకి తెచ్చి పెట్టండి అని ఆయన చెప్పి పంపాడు. ఈ సాయంత్రమే సరోజను రమ్మని గోపయ్య ఇంటికి కూడా మనిషిని పంపాడు.

కొత్త తోలుకు మొదటి రోజు దారి పొడుగునా ఆముదం అందించాలి, లేకపోతే బిరుసెక్కుతుంది. అందుకని కాళ్ళ కింద ఒక పలక తీసేసి, కోడి ఈకతో నూనె రాయడానికి గోపయ్య ముందు సీట్లో కూర్చోవలసి వచ్చింది. దొరలు కూర్చునే చోటు అది. గోపయ్య అంచు మీద, పడిపోయేలా కూర్చున్నాడు.

రోడ్డు బాగుంటుందని సైదులు మొదట కోదాడ వైపు తిప్పాడు. ఇంజను అరిచింది గానీ కారు కదల్లేదు. దిగి, నూనె ఎక్కువైందేమోనని పట్టీ మీద ముల్తానీ మట్టి చల్లాడు. ఐనా కదల్లేదు. సైదులుకు తాను కొట్టిన రివెట్ల మీదే అనుమానం వచ్చింది.

"నీ పని మంచిగనే ఉన్నది. దాన్ని మిర్యాలగూడ తొవ్వకు తిప్పు" అన్నాడు గోపయ్య.

తిప్పాడు. పెడలు మీది నుంచి కాలు తీశాడో లేదో, కారు కుదుపన్నది లేకుండా సాఫీగా కదిలింది. ఎత్తులు వచ్చినా వేగం తగ్గలేదు. కొడుకును పట్టుకుపోయాక గోపయ్య నవ్వడం సైదులు చూసింది అప్పుడే. అతను కాళ్ళ సందులోకి వంగి ఈకతో నూనె రాస్తూ, తోలుతో మాట్లాడుతున్నాడు. పోరా కర్రోడా, మనోడు ఎదురుసూస్తుంటడు, జల్ది పో అంటున్నాడు. సైదులుకు కూడా ఆ కాసేపు లోకం మీద నమ్మకం కలిగింది. అసలు రేపటిదాకా ఎందుకు, ఇట్లాగే క్యాంపు దాకా పోయి తలుపు ముందు నిలబెడితే ఎట్లా ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు.

పెన్‌పహాడ్ దాటారు. మూసీ దగ్గర పడింది. ఎండాకాలం కాబట్టి బండ్ల రేవులో మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. అవతలి గట్టు ఎక్కితే మిర్యాలగూడ రోడ్డు. సైదులు రేవు వైపు దించాడు. ఇంజను అరిచింది, కారు ఆగిపోయింది.

మళ్ళీ ముల్తానీ మట్టి చల్లాడు. మళ్ళీ గేరు వేశాడు. నీళ్ళ వైపు కారు ఒక్క జానెడు కూడా పోలేదు. ఎడం పక్కకు, ఏటి ఒడ్డు వెంట ఒక బండ్లబాట ఉంది. తుమ్మ చెట్లలోకి పోతుంది, అక్కడ ఊరు లేదు. చక్రం అటు తిరగగానే తోలు పట్టుకుంది. సైదులుకు ఆ క్షణమే తెలిసింది. అతను గోపయ్య మొహం వైపు చూడలేదు. ఆపుదామనుకున్నాడు, కానీ ఆపే హక్కు తనకు లేదనిపించింది.

కారు ఆ బాట వెంట నెమ్మదిగా, దుక్కికి పోయే ఎద్దు నడకలో పోయి, తుమ్మల మధ్య కాస్త బయలున్న చోట నిలిచింది. అక్కడ ఇసుకమట్టి నాలుగైదు చోట్ల గుట్టగా పోసి ఉంది. సైదులు ముందు గేరు వేశాడు, వెనక గేరు వేశాడు. అది ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు.

చెట్ల అవతల మేకలు కాస్తున్న లంబాడీ ముసలాయన ఇంజను చప్పుడు విని వచ్చాడు. పేరు బీక్యా, పక్క తండా వాడు. సైదులు అడిగితే మొదట తనకేమీ తెలియదన్నాడు. తర్వాత గోపయ్యను చూసి తల దించుకున్నాడు.

"సలికాలంల లారీ ఒచ్చింది, పొద్దుగూకుతుంటే. పట్టుకొచ్చిన్నాడే అయిపోయింది. క్యాంపు దాంక గుడ తీస్కపోలే."

ఇన్ని నెలలు సుందరమ్మ చేసిన రొట్టెలు, సరోజ మోసుకుపోయిన గిన్నెలు సైదులుకు గుర్తొచ్చాయి. గోపయ్య కారు దిగాడు. ఆ గుట్టల్లో కొడుకు ఏదో అతనికి తెలియదు. ఒకదాని దగ్గర కూర్చున్నాడు, లేచి ఇంకోదాని దగ్గర కూర్చున్నాడు. మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాడు. ఏడుపు వస్తే బాగుండునని సైదులు ఎదురు చూశాడు. రాలేదు. తండ్రికి అంతకన్నా నరకం ఉండదు.

చాలాసేపటికి సైదులు మెల్లగా అన్నాడు, తోలు విప్పి తీస్తానని, పాత ముక్కలే కట్టి కారును ఎట్లాగో వెనక్కి తోలుకుపోదామని.

"ఉండనీ తమ్మీ" అన్నాడు గోపయ్య. "వాని కాడ ఉండనీ."

అప్పుడు అతను తలెత్తి ఎండ చూశాడు. పొద్దు పడమటికి తిరిగింది. ఈ సాయంత్రమే సరోజ గడీకి పోవాలి. గోపయ్య లేచాడు. వచ్చిన దారి పట్టి నడవడం, ఆ తర్వాత పరుగెత్తడం మొదలుపెట్టాడు. ముసలి మనిషి అట్లా పరుగెత్తడం బీక్యా ఎన్నడూ చూడలేదట. సైదులు కాసేపు కారు పక్కన నిలబడ్డాడు. దొర కారును ఏటి ఒడ్డున వదిలేసి వచ్చిన వాడికి సూర్యాపేటలో బతుకు ఉండదని తెలిసి, అట్నుంచి అటే కాలినడకన కోదాడ వైపు పోయాడు. షెడ్డు తలుపు మళ్ళీ అతను తీయలేదు.

గోపయ్య ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళ కావస్తోంది. గడీ ముందు సరోజ, చేతిలో బట్టల మూటతో, దొర పంపిన మనిషి వెనక నడుస్తోంది. గడప దగ్గర ఆగి వంగింది, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపల అడుగు పెట్టబోయింది. ఆ వాకిట్లో గోపయ్య అంతవరకు తన జన్మలో గొంతెత్తి మాట్లాడలేదు.

"సరోజా" అని అరిచాడు. "రా బిడ్డా, ఇంటికి పోదాం. యాదగిరి దొరికిండు."

ఆమె తిరిగి చూసింది. మామ చేతుల నిండా ఇసుకమట్టి, మోకాళ్ళ నిండా ఇసుకమట్టి. ఆయన పక్కన ఎవరూ లేరు. ఆమె ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

అరుపు విని దొర అరుగు మీదికి వచ్చాడు. యాదగిరి ఎక్కడ దొరికాడని ఆయన అడగలేదు. ఎట్లా ఉన్నాడని అడగలేదు. ఆయనకు మొదటి నుంచీ తెలుసునని గోపయ్యకు అప్పుడు అర్థమైంది.

"కారెక్కడుందిరా?" అన్నాడు దొర.

"మీకు ఎర్కనే దొరా" అన్నాడు గోపయ్య. "వాన్ని ఏడ పండబెట్టిన్రో, ఆడనే ఉన్నది."

తర్వాత ఎన్ని జతల ఎద్దులు కట్టినా ఆ కారు అక్కడి నుంచి కదల్లేదు. ఆ ఏటి వానలకు మూసీ దాన్ని ఇసుకలో కప్పేసింది. కానీ అది తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం దొర పంపిన మనిషి సరోజ మూట మీద చెయ్యి వేయబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఆ గడప దాటకుండానే తిరిగి వచ్చింది, ఆ జన్మలో మళ్ళీ అటు పోలేదు. ఆమె ఎదురు చూడవలసిన మనిషి ఇక ఎవరూ లేరు కాబట్టి, ఆమెను అక్కడ ఉంచగలిగినది కూడా ఏదీ లేకపోయింది.

ఇద్దరూ మాదిగవాడ దారి పట్టారు. సరోజ ఏడుస్తూ నడిచింది, గోపయ్య ఏడవకుండా నడిచాడు. రేపు కొడుకు వస్తాడని సుందరమ్మ ఇల్లంతా అలికి పెట్టింది. పొరుగింట్లో అడిగి తెచ్చిన సన్నబియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆమెకు ఎట్లా చెప్పాలో, ఎవరు చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. నువ్వు చెప్పు మామా అని సరోజ అంది. గోపయ్య తల ఊపాడు.

అడుగుల చప్పుడు విని సుందరమ్మ చాట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది. గడీలో ఉండవలసిన కోడలు గోపయ్యతో కలిసి ఇంటికి వస్తోంది. అంటే కొడుకు వచ్చేసినట్టే గదా. ఆమె మొహం వెలిగిపోయింది. వాళ్ళిద్దరినీ దాటి నాలుగడుగులు ముందుకు పోయి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్ళ వెనక వస్తున్న మూడో మనిషి కోసం దారి వైపు చూస్తూ నిలబడింది.